బ్యాక్‌ప్యాకింగ్ యాత్రలో బస ఖర్చు తగ్గించుకునేదెలా?

ప్రశ్న: నమస్కారం. కొన్ని వారాల పాటు ఒంటరిగా పలు దేశాలు చుట్టి రావాలని అనుకుంటున్నాను. లెక్క వేసి చూస్తే ఖర్చులో పెద్ద భాగం బసకే పోయేలా ఉంది. హాస్టల్ డార్మిటరీ, అంటే పలువురు యాత్రికులు పంచుకునే గదిలో ఒక బెడ్, అన్నిటికన్నా చౌక అనుకోవచ్చా? ఉచిత బస గురించి వింటున్న మాటలను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం: ఒంటరి ప్రయాణికులకు డార్మిటరీ సాధారణంగా చౌకే. ఎవరైనా తోడు కలిస్తే మాత్రం, రెండు డార్మిటరీ బెడ్ల ధర కంటే చిన్న గెస్ట్‌హౌస్‌లో గది తక్కువకు రావచ్చు కాబట్టి రెండూ పోల్చి చూడండి. బుకింగ్ సైటులో కనిపించే ధరతో ఆగకుండా, ఆ రాత్రికి మీ చేతి నుంచి పోయే మొత్తాన్ని లెక్కగట్టడం చాలా ముఖ్యం. ఊరి చివరి హాస్టల్ అయితే రానుపోను ఛార్జీలు కలపాలి. ఆఖరి బస్సు దాటిపోయి టాక్సీ ఎక్కితే మిగిలిందంతా అక్కడే పోతుంది. తువ్వాలుకు, దుప్పటికి, లాకర్ తాళానికి విడిగా అద్దె వసూలు చేసే చోట్లు ఉన్నాయి గనుక త్వరగా ఆరే పలుచని తువ్వాలు, సొంత తాళంకప్ప వెంట ఉంచుకోండి. పర్యాటక పన్నును కూడా మరవకండి. ఆమ్‌స్టర్‌డాంలో 2024 నుండి అది బస ధరపై 12.5 శాతం.

నేనైతే ధర కన్నా ముందు వంటగది ఉందో లేదో చూస్తాను. హోటలు భోజనం ఖరీదైన దేశాలలో పొయ్యి, గిన్నెలు, ఫ్రిజ్ ఉన్న హాస్టల్‌కు కాస్త ఎక్కువ చెల్లించినా మొత్తం మీద లాభమే. అటువంటి వంటగదులలో చాలావరకు ఒక అర ప్రత్యేకంగా ఉంటుంది. ఖాళీ చేసి వెళ్ళేవారు మిగిలిన బియ్యం, పాస్తా, ఉప్పు, నూనె అందులో వదిలి వెళతారు, ఎవరైనా తీసుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టే మీ సంచిపై మాత్రం పేరు, ఖాళీ చేసే తేదీ రాయండి. చీటీ లేనివాటిని సిబ్బంది తీసి పారవేస్తారు.

దూర ప్రయాణాలను రాత్రికి మార్చుకుంటే ఒక బస తగ్గుతుంది. ఐరోపాలోని నైట్‌జెట్ రైళ్ళు, వియత్నాంలో హనోయి నుండి దక్షిణానికి వెళ్ళే రైళ్ళు ఇందుకు అనువైనవి. రైలు పాస్ ఉన్నప్పటికీ నైట్‌జెట్‌లో బెర్త్‌కు విడిగా చెల్లించాలి. అయినా బెర్త్‌నే తీసుకోండి. రాత్రంతా కూర్చుని వెళ్ళినవారు మర్నాడు పొద్దున్నే విశ్రాంతికి గది వెతుక్కుంటారు.

మరొక సభ్యుని సమాధానం: ఉచిత బస గురించి. యాత్రికులకు స్థానికుల ఇళ్ళలో ఉచిత బస కుదిర్చే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో 2004లో మొదలైన కౌచ్‌సర్ఫింగ్‌లో ఇప్పుడు చాలా దేశాల వారికి సభ్యత్వ రుసుము ఉంది. స్వచ్ఛంద సేవకులు నడిపే బీవెల్‌కమ్ ఉచితం. వార్మ్‌షవర్స్ సైకిలు యాత్రికుల కోసం ఏర్పడింది. ఎక్కడైనా, ఆతిథ్యం ఇచ్చేవారి గురించి గతంలో బస చేసినవారు రాసిన అభిప్రాయాలను, ముఖ్యంగా మీలాంటి ఒంటరి ప్రయాణికులు రాసినవాటిని, పూర్తిగా చదవండి. ఇబ్బందిగా అనిపిస్తే అదే రాత్రి బయటపడి గది తీసుకునేంత డబ్బు విడిగా ఉంచుకోవడం తప్పనిసరి. ఆ డబ్బు లేనివారు ఈ మార్గం ఎంచుకోవద్దని నా సలహా.

1971లో ఇంగ్లండులో మొదలైన వూఫ్ (WWOOF) అనే నెట్‌వర్క్ ద్వారా సేంద్రియ పొలాలలో రోజుకు కొన్ని గంటలు పనిచేస్తే భోజనం, బస లభిస్తాయి. అయితే జీతం లేకపోయినా, బసకు బదులుగా చేసే పనిని ఉద్యోగంగానే పరిగణించే దేశాలు ఉన్నాయి. పర్యాటక వీసాపై అలా వెళితే సరిహద్దులోనే వెనక్కి పంపవచ్చు కాబట్టి ఆ దేశ రాయబార కార్యాలయం నిబంధనలను ముందే చూసుకోండి.

ప్రశ్న: ఇద్దరికీ ధన్యవాదాలు. టెంట్ తీసుకువెళ్ళడం ఉపయోగమేనా?

సమాధానం: దేశాన్ని బట్టి ఉంటుంది. నార్వేలో సాగులో లేని బయలు నేలపై, ఇళ్ళకు కనీసం 150 మీటర్ల దూరంలో, సాధారణంగా రెండు రాత్రుల వరకు అనుమతి లేకుండానే టెంట్ వేసుకోవచ్చు. స్కాట్లాండులో 2003 నాటి చట్టం ఇటువంటి హక్కునే ఇచ్చింది, కానీ లాక్ లోమండ్ సరస్సు పరిసరాలలో కొన్నిచోట్ల మార్చి నుండి సెప్టెంబరు వరకు పర్మిట్ కావాలి. మీ యాత్రలో ఎక్కువ భాగం నగరాలే అయితే టెంట్ బరువు మోయడం దండగ. చౌక విమానాలలో ఆ సామానుకు కట్టే రుసుముతో ఒక రాత్రి హాస్టల్ బస గడిచిపోవచ్చు.