మెకానికల్ డిజైన్ జాబ్స్ దొరకట్లేదు, బిల్డింగ్ సర్వీసెస్‌కి వెళ్ళొచ్చా?

పాలకొల్లు – లెస్టర్:
అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర. మెకానికల్ బీటెక్ అయ్యాక రెండేళ్ళు భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూశాను, తర్వాత ఇక్కడ యూకేకి వచ్చి మాస్టర్స్ చేశాను. నాలుగు నెలల్నుంచి కార్ల కంపెనీల డిజైన్ జాబ్స్‌కి పెడుతూనే ఉన్నాను, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదండి. చిన్న పని అనుకుంటారేమో అని సీవీలో ఐస్ ఫ్యాక్టరీ తీసేశాను. ఎవరో బిల్డింగ్ సర్వీసెస్ చూడమన్నారు, అంటే ఏసీలు బిగించడమేనా? కొంచెం చెప్పండి.

భీమవరం – లీడ్స్:
తమ్ముడూ, ముందు ఆ ఐస్ ఫ్యాక్టరీని మళ్ళీ సీవీలో పెట్టు, పైనే పెట్టు. తొమ్మిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా. 2050కి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలే కార్బన్ నికరంగా సున్నా చెయ్యాలి అని ఇక్కడ 2019లోనే చట్టం చేసేశారు, దాంతో స్కూళ్ళు, ఆస్పత్రులు, ఆఫీసుల్లో గ్యాస్ బాయిలర్లు తీసి హీట్ పంపులు పెట్టే పని మొదలైంది. హీట్ పంప్ అంటే ఏంటి, బయటి వేడిని లాగి బిల్డింగ్ లోపలికి ఇచ్చే మెషీన్, నువ్వు చూసిన ప్లాంట్ లాంటిదే. అక్కడ అమ్మోనియా కంప్రెసర్ డిశ్చార్జ్ పైపు మీద చెయ్యి పెట్టగలిగేవాడివా? ఆ వేడంతా కండెన్సర్లో బయటికి పారబోసేవాళ్ళం, ఇక్కడ మనకి కావాల్సింది అదే. ఒక యూనిట్ కరెంటుకి సుమారు 3 యూనిట్ల వేడి వస్తుంది.

బిల్డింగ్ సర్వీసెస్ అంటే బిల్డింగ్‌లో హీటింగ్, గాలి, నీళ్ళు, కరెంటు లాంటి సిస్టమ్స్ చూడటం; ఏసీలు బిగించడం కాదు, అసలు కష్టం డిజైన్‌లో ఉంది. పాత బాయిలర్ సిస్టమ్‌లో గదుల్ని వేడి చేసే రేడియేటర్లకి నీళ్ళు 82 డిగ్రీల్లో వెళ్ళి 71లో తిరిగొచ్చేవి. ఇప్పుడు ఇంగ్లండ్ రూల్స్ ప్రకారం కొత్తగా వేసే సిస్టమ్‌ని 55 దాటకుండా డిజైన్ చెయ్యాలి. 55లో వెళ్ళి 45లో తిరిగొస్తే అదే రేడియేటర్ కేటలాగ్‌లో రాసిన వేడిలో సగమే ఇస్తుంది. హీట్ పంప్‌కి వెళ్ళే నీళ్ళకీ తిరిగొచ్చే నీళ్ళకీ 5 డిగ్రీల తేడానే పెట్టుకుంటే, అదే వేడి మొయ్యడానికి పాత 11 డిగ్రీల సిస్టమ్ కంటే రెండింతలకి పైగా నీళ్ళు పారాలి. కాలవ వెడల్పు చెయ్యకుండా రెండింతలు నీళ్ళు వదిలితే గట్లు ఏమవుతాయో మనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు కదా. నేను మొదటి ఏడాది ఒక స్కూల్ జాబ్‌లో పాత పైపులే ఉంచేసి డ్రాయింగ్ ఇచ్చేశా, మా సీనియర్ పట్టుకోబట్టి సరిపోయింది, లేదంటే చలికాలంలో పిల్లలు కోట్లు వేసుకుని క్లాసులో కూర్చునేవాళ్ళు. అప్పట్నుంచి ఫ్లో రేట్ లెక్క రెండుసార్లు చూడకుండా ఏదీ పంపను.

అమలాపురం – మాంచెస్టర్:
అన్నయ్య చెప్పింది కరెక్ట్. నావి ఇంకో రెండు మాటలు తమ్ముడూ. ఉత్త మెకానికల్ డిజైన్ ఇంజనీర్ అని వెతికితే మెషీన్ల జాబులే వస్తాయి, పక్కన బిల్డింగ్ సర్వీసెస్ అనో హెచ్‌వీఏసీ (హీటింగ్, వెంటిలేషన్, ఏసీ) అనో కొట్టు. వర్క్ వీసా స్పాన్సర్ చెయ్యగల కంపెనీల హోం ఆఫీస్ లిస్ట్ పబ్లిక్‌గానే ఉంటుంది, కంపెనీ పేరు అందులో చూసుకునే అప్లై చెయ్యి, వీసా టైం ఊరికే పోగొట్టుకోకు. సిబ్సీ (CIBSE) అని బిల్డింగ్ సర్వీసెస్ ఇంజనీర్ల సంస్థ ఉంది, అందులో మెంబర్‌షిప్ తీసుకో, మన ఫీల్డ్‌కి చార్టర్డ్ ఇంజనీర్ అయ్యే దారి అదే, వాళ్ళకి యంగ్ ఇంజనీర్స్ నెట్‌వర్క్ ఉంది, సాయంత్రం మీటింగులకి వెళ్ళి మనుషుల్ని కలువు. నాకు మొదటి జాబ్ అలా ఒకాయనతో మాట్లాడితేనే వచ్చింది.

పాలకొల్లు – లెస్టర్:
ఆయ్, చాలా థాంక్సండీ. నాకు కాటియా, అదే కార్ల డిజైన్‌కి వాడే త్రీడీ సాఫ్ట్‌వేర్, వచ్చండి, అది వేస్టేనా?

భీమవరం – లీడ్స్:
వేస్టేం కాదు, త్రీడీ చూపు ఉన్నవాడికి రెవిట్, అంటే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్, తొందరగా పట్టుబడుతుంది. కానీ దానికంటే ముందు ఒక పని చెయ్యి. నువ్వుండే ఇంటికి గదివారీగా హీట్ లాస్ లెక్క కట్టు: గోడ, కిటికీ, పైకప్పు ఒక్కోదానికీ వైశాల్యం ఇంటూ యూ వేల్యూ (దాంట్లోంచి వేడి ఎంత తొందరగా బయటికి పోతుందో చెప్పే అంకె) ఇంటూ లోపలికీ బయటికీ టెంపరేచర్ తేడా, గాలి సందుల్లోంచి పోయేది దాని పైన కలుపుకో. పాత ఇటుక గోడైతే యూ వేల్యూ 2 దాకా ఉంటుంది, కొత్త ఇంటి గోడకి 0.26 దాటనివ్వరు. ఆ రెండు పేజీలు ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళు, సర్టిఫికెట్ల కట్ట కంటే అదే మాట్లాడుతుంది. చేశాక నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తా. ఐస్ ఫ్యాక్టరీ కెపాసిటీ కూడా సీవీలో రాయడం మర్చిపోకు.

పాలకొల్లు – లెస్టర్:
రోజుకి 20 టన్నులు తీసేవాళ్ళం అండి, రాస్తాను. ఇంటి ఓనర్ దగ్గర టేప్ అడిగాను అన్నయ్యా, ఈ రాత్రికే మొదలెడతా.