బొమ్మ ట్రాక్టరుకి, జేసీబీకి చెక్క చక్రాలు: మీరెలా చేస్తున్నారు?

సీతమ్మధార_నాన్న
అందరికీ నమస్తే. మావాడి కోసం చెక్కతో ట్రాక్టరు, ట్రాలీ, టిప్పరు చేస్తున్నాను. బాడీల వరకూ బానే వచ్చాయి, చక్రాల దగ్గర పని ఆగిపోయింది. గుండ్రటి కర్రని ముల్లంగి ముక్కల్లా అడ్డంగా కోస్తే, ఆరేకొద్దీ మధ్య నుంచి అంచుదాకా చీలిపోతున్నాయి. డ్రిల్ మిషను, దానికి స్టాండు, జిగ్‌సా ఉన్నాయి. లేత్ లేదు, ఫ్లాట్‌లో పెట్టే చోటూ లేదు. వెనక చక్రం 90 మి.మీ. అనుకుంటున్నా. ముందుది ఎంత ఉంటే బాగుంటుంది?

కంచరపాలెం_కర్రపని
చీలక ఏటవుద్ది బాబూ. కర్ర ఆరేటప్పుడు పొడుగు వైపు తగ్గడం దాదాపు ఉండదు. వలయాల వెంబడి మాత్రం, గుండె నుంచి బెరడు వైపు తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతుంది. నడిమి గుండెతో సహా కోసిన బిళ్ల ఆ లాగుడికి చీలాల్సిందే. చక్రం ఎప్పుడూ పలకలోంచి తియ్యాలి. ఆ పలక కూడా బాగా ఆరినదై ఉండాలి. పచ్చిదైతే చీలకపోయినా కోలగా మారిపోతుంది, బండి కుంటుకుంటూ నడుస్తుంది.

హోల్ సా (డ్రిల్‌కి తగిలించే గుండ్రటి కప్పులాంటి రంపం) కొనుక్కో. పళ్ల మందం రెండు వైపులా పోతుంది కాబట్టి 54 సైజుతో కోస్తే చక్రం 50 దాకా వస్తుంది, 95తో కోస్తే 91 దాకా. 54 అయితే తలుపు తాళాలు బిగించేవాళ్లు వాడే సైజే, ఎక్కడైనా దొరుకుతుంది. సగం లోతు కోసి, పలక తిరగేసి, అదే పైలట్ కన్నంలోంచి (రంపం నడిమి బిట్టు పెట్టిన కన్నం) మిగతా సగం కొయ్యి. బిళ్ల రంపం లోపల ఇరుక్కోదు, అంచూ లేవదు. కోత గీత మీద, బిళ్లకి తగలకుండా బయటివైపుకి ఒకటి రెండు కన్నాలు ముందే పెడితే పొట్టు అందులోంచి పోతుంది, కర్ర మాడదు. 95 సైజుని చేత్తో పట్టిన డ్రిల్‌కి మాత్రం తగిలించకు, మణికట్టు తిప్పేస్తుంది. స్టాండులో పెట్టి, పలకని క్లాంపుతో బిగించి, స్పీడు బాగా తగ్గించి కొయ్యి.

మధురవాడ_రౌటర్
మాస్టారు చెప్పినదానికి ఇంకో ముక్క. పైలట్ కన్నంలో 6 మి.మీ. బోల్టు దూర్చి, రెండువైపులా వాషరు వేసి నట్టు బిగించి, బోల్టు తోకని డ్రిల్ చక్‌లో పట్టండి. తిరుగుతున్న చక్రానికి చెక్కముక్క మీద అంటించిన 80 నంబరు ఎమరీ పేపరు ఆనించండి, తర్వాత 150, 240. అదే మీ లేత్. చాలా హోల్ సాల పైలట్ బిట్టు 6.35 మి.మీ. ఉంటుంది. అందులో 6 బోల్టు కాస్త ఆడుతుంది కాబట్టి బోల్టుకి ఒక చుట్టు టేపు చుట్టాలి. ఇది వదిలేస్తే ఎంత రుద్దినా చక్రం ఎగుడుదిగుడుగానే తిరుగుతుంది.

సైజు సంగతి: మన దగ్గర ట్రాక్టర్లకి ఎక్కువగా కనిపించే 13.6-28 వెనక టైరు సుమారు 1.3 మీటర్ల ఎత్తు, 6.00-16 ముందు టైరు 73 సెం.మీ. చిల్లర. మీ 90కి 50 సరిపోతుంది. జేసీబీకీ ముందువి చిన్నవే గానీ ఇంత తేడా వద్దు. పేలోడరుకి నాలుగూ ఒకే సైజు.

సీతమ్మధార_నాన్న
చాలా థాంక్స్ మాస్టారూ, థాంక్స్ అన్నా. వెనక టైరుకి ఆ ఏటవాలు గట్లు ఎలా తెస్తారు? అవి లేకపోతే మావాడు దాన్ని ట్రాక్టరని ఒప్పుకోడు.

మధురవాడ_రౌటర్
ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా 🙂

12 మి.మీ. మందం బిళ్లలు రెండు కలిపితే ఒక వెనక చక్రం. ఒక్కో బిళ్ల అంచు చుట్టూ ఏటవాలుగా గాడులు కోసి, రెండూ అంటిస్తే బాణం గుర్తు వస్తుంది. చాలామంది అన్ని బిళ్లలూ ఒకే వాలులో కోసి, ఒకదాన్ని తిరగేసి అంటిస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. నట్టుని ఎటు తిరగేసి ఎక్కించినా మర మారదు కదా, ఇదీ అంతే. సగం బిళ్లలు కుడి వాలు, సగం ఎడమ వాలు కోసి తీరాలి.

90 చక్రం చుట్టుకొలత 283 మి.మీ. చుట్టూ 18 గట్లు పెడితే 20 డిగ్రీలకి ఒకటి, అంటే పదహారు మి.మీ.కి కాస్త లోపు. కాగితం పట్టీ చుట్టూ చుట్టి, 18 భాగాలు మడిచి గుర్తులు పెట్టుకోండి. వాలుగా గాడి కోసిన చెక్కపెట్టెలో బిళ్లని బోల్టుతో నిలబెట్టి, 4 మి.మీ. లోతులో రంపం ఆగేలా అడ్డు పెట్టి కోస్తే అన్నీ ఒకేలా వస్తాయి. అంటించేటప్పుడు ఒక బిళ్ల గట్టు రెండో బిళ్ల సందుకి ఎదురుగా రావాలి, అసలు టైరులో అలాగే ఉంటుంది. బండి వెనక నిలబడి చూస్తే బాణం పైకి చూపాలి. చక్రానికి ఒకవైపే హబ్బు (నడిమి గుబ్బ) చెక్కుతున్నారా? అయితే కుడిదీ ఎడమదీ వేరువేరుగా చెయ్యాలి, లేకపోతే ఒక టైరు రివర్సులో ఉంటుంది.

గట్లని విడిగా చేసి అంటించే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ పిల్లల బొమ్మకి వద్దు. ఊడితే నోట్లోకే.

గాజువాక_గణేష్
ఊరంతా పోర్టు సరుకు ప్యాలెట్లే, పలకలు కొనడం ఎందుకు సార్? పైన్ ప్యాలెట్ ఒకటి ఊడదీస్తే బోలెడు చక్రాలు.

కంచరపాలెం_కర్రపని
ముద్ర చూసి తీసుకో తమ్ముడూ. కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అనుంటే వేడి చేసిన కర్ర, లోపలిదాకా 56 డిగ్రీల్లో అరగంట. ఎంబీ అనుంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది, పిల్లల వస్తువుకి ముట్టుకోకు. ముద్ర లేనిదీ, నూనె మరకలున్నదీ కూడా వద్దు. అయినా పైన్ మెత్తన, గట్లు పెళ్లలు లేస్తాయి. టేకు ముక్కలు ఏ ఫర్నిచర్ షాపు వెనకైనా పొయ్యిలోకి పోతుంటాయి, అడిగితే ఇస్తారు.

యలమంచిలి_లక్ష్మి
మీరంతా డ్రిల్లులంటున్నారు, పక్కనే ఏటికొప్పాక ఉందని గుర్తులేదా? అక్కడ అంకుడు కర్రని లేత్ మీద గుండ్రంగా తీసి, తిరుగుతుండగానే రంగు లక్కపుల్ల ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, జాఫ్రా గింజల్లాంటి సహజ రంగులతో చేసినవైతే పిల్లలు నోట్లో పెట్టుకున్నా పెద్దగా భయం ఉండదు. 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. గట్లు అక్కర్లేని టిప్పరు చక్రాలైతే కొలతలిచ్చి చేయించుకోవడమే తేలిక అని నా ఉద్దేశం. ట్రాక్టరు వెనకవి మాత్రం రౌటర్ గారు చెప్పినట్టే చేసుకోవాలి.

సీతమ్మధార_నాన్న
లక్ష్మిగారూ, ముందు చక్రాలకి ఆ మాట బాగుంది. ఇరుసు ఎలా బిగించాలి? చక్రం ఇరుసు మీద తిరగాలా, ఇరుసే తిరగాలా?

కంచరపాలెం_కర్రపని
ఎడ్లబండికైతే ఇరుసు కదలదు, చక్రమే తిరుగుతుంది, చివర చీల ఆపుతుంది. నేను బొమ్మకీ అలాగే చేస్తాను.

మధురవాడ_రౌటర్
మాస్టారూ, ఇక్కడ మాత్రం నాది వేరే మాట. చీల పిల్లల చేతిలో నిలవదు. చక్రాన్ని ఇరుసుకి ఫెవికాల్‌తో అంటించి, బాడీలో ఇరుసు తిరగనివ్వడం మేలు. 8 మి.మీ. ఇరుసైతే చక్రంలో కన్నం 8, బాడీలో 9. మన సముద్రపు గాలికి వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, అందుకని ఆ ఒక్క మిల్లీమీటరు వదలాలి. కందెనగా కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. నూనె వద్దు, కర్ర పీల్చేసుకుంటుంది.

పెందుర్తి_టాయ్స్
అమ్మాలనుకునేవాళ్లకి ఒక మాట. 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. డెవలప్‌మెంట్ కమిషనర్ (హ్యాండీక్రాఫ్ట్స్) దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్లకీ, జీఐ ఉన్నవాళ్లకీ మినహాయింపు ఉంది. ఇంట్లో పిల్లలకే అయినా మూడేళ్ల లోపువాళ్లుంటే, ఊడిన చక్రం 31.7 మి.మీ. వ్యాసం పరీక్ష గొట్టంలో పూర్తిగా పట్టకూడదని గుర్తుపెట్టుకోండి. ఆ లెక్కన 25, 30 సైజు చక్రాలు వద్దు.

గాజువాక_గణేష్
మరి ప్రొక్లెయినర్ చైను?

మధురవాడ_రౌటర్
చైను ఉత్తుత్తిదే. పక్క చెక్కల అంచుల మీద అడ్డగాడులు కోస్తే చైనులా కనిపిస్తుంది. నడిచేది మాత్రం లోపల దాచిన చక్రాల మీద, అవి చైను అంచు కంటే 2 మి.మీ. కిందకి ఉండాలి. గచ్చు మీద బాగా పోతుంది. తివాచీ మీద ఆడతారంటే 4 పెట్టండి.