పెళ్లి మేకప్ నేనే వేసుకుంటే తప్పేంటి? బెంగళూరు వాళ్లు చెప్పండి

మారతహళ్లి_పిల్ల:
మాఘమాసంలో నా పెళ్లి. కె.ఆర్.పురం దగ్గర చౌల్ట్రీ. ఇక్కడి పద్ధతిలో ముందురోజు సాయంత్రం రిసెప్షన్, ముహూర్తం తెల్లవారుజామున 4:38కి. రెండింటికీ కలిపి ఒక మేకప్ ఆవిడ 35,000 చెప్పారు. వేళకాని వేళ కాబట్టి ఇంకో 3,000 అట. అమ్మకీ అక్కకీ చీర కడితే దానికి వేరే. నా నెల అద్దె కంటే ఎక్కువ ఇది! ఇద్దరు స్నేహితురాళ్ల నిశ్చితార్థాలకి నేనే మేకప్ వేశాను, ఎవరూ వంక పెట్టలేదు. ఎనిమిది వేలలో సామాను కొనుక్కుని నేనే వేసుకుందామనుకుంటున్నాను. అమ్మేమో "పెళ్లికూతురు తనే పూసుకుని రావడం ఎక్కడైనా ఉందా, మగపెళ్లివారు ఏమనుకుంటారు" అని రెండు రోజులుగా మాట్లాడటం లేదు. మీరేమంటారు?

హొరమావు_వదిన:
నిక్షేపంగా వేసుకో. 2019లో నాది నేనే వేసుకున్నా. అయితే వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: పసుపు. మంగళస్నానం అయ్యాక ముఖం కడుక్కున్నాం కదా అనుకుంటాం. చెవుల ముందు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, ముక్కు పక్కన అది అలాగే ఉంటుంది. దాని మీద ఫౌండేషన్ వేశాను. నుదురు ఒక రంగు, బుగ్గలు ఒక రంగు! సబ్బుతో ఎంత రుద్దినా చర్మం ఎర్రబడిందే కానీ పసుపు వదల్లేదు. చివరికి మా పిన్ని దూదికి కొబ్బరినూనె రాసి తుడిస్తే దూదికి వచ్చేసింది. పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ తర్వాత జిడ్డు పోయేలా శనగపిండితో కడిగి మళ్లీ మొదటినుంచీ వేసుకున్నా. నలభై నిమిషాలు పోయాయి. ముత్తైదువలకి ముందే చెప్పు, ముఖానికి శాస్త్రానికి ఒక బొట్టు రాసి, కాళ్లకీ చేతులకీ ఎంత కావాలంటే అంత పుయ్యమని.

ఇంకోటి. చెన్నై వాళ్ల వీడియోలు చూసి ముఖమంతా పౌడర్ దట్టించకు. అవి వాళ్ల ఉక్కపోతకి పనికొస్తాయి. మాఘంలో మన ఊరి చలికి చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. ముందు మాయిశ్చరైజర్ బాగా ఇంకనివ్వు, పౌడర్ ముక్కుకీ నుదుటికీ చాలు.

బ్రష్_పట్టిన_చెయ్యి:
నేను జయనగర్‌లో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నా పొట్ట కొట్టుకునే మాట చెప్పను కదా అనుకోకండి, నిజమే చెబుతున్నా. ముఖానికి రంగు వేయడం మా పనిలో మూడో వంతు కూడా కాదు. ఈ అమ్మాయి లెక్కే చూడండి. రిసెప్షన్ అయ్యేసరికి పదిన్నర. జడకి కొట్టిన స్ప్రే వదిలించి, పిన్నులన్నీ తీసి, మేకప్ తుడిచేసరికి పదకొండున్నర. మంగళస్నానానికి ఒంటిగంటకి లేపుతారు. గౌరీపూజకి మూడున్నరకల్లా పీట మీద ఉండాలి. అంటే గంటన్నర నిద్ర, ఉబ్బిన కళ్లు, తడి తల. అప్పుడు ఐలైనర్ గీత తిన్నగా రావాలి! స్నేహితురాలికి వేసేటప్పుడు వణకని చెయ్యి ఆ వేళ వణుకుతుంది.

మళ్లీ మధుపర్కాలు మార్చుకోవాలి. పట్టుచీర విప్పి తెల్లచీర కట్టడానికి పంతులుగారు పది నిమిషాలు కూడా ఇవ్వరు. ఆ పది నిమిషాల్లో కుచ్చిళ్లు పెట్టేదెవరు, వడ్డాణం బిగించేదెవరు, చెదిరిన బాసికం సర్దేదెవరు? మీరిచ్చే డబ్బులో సగం దానికే. రాత్రి పన్నెండింటికి క్యాబ్‌లో వచ్చే నా అసిస్టెంట్ కూలీ అందులోదే.

మల్లేశ్వరం_మనవరాలు:
మా అమ్మమ్మ పెళ్లికి ఎవరొచ్చారండీ మేకప్‌కి? కళ్యాణతిలకం, బుగ్గచుక్క, కాటుక, పారాణి. పిన్నులూ అత్తలూ కలిసి గంటలో ముగించేవాళ్లు. ఇప్పుడు ఎవరి పెళ్లి ఫొటో చూసినా ఒకటే ముఖం. మొన్న ఒక పెళ్లిలో పెళ్లికూతురు మా బాబాయి కూతురే అయినా పోల్చుకోలేక ఆడపడుచుకి అక్షింతలు వెయ్యబోయాను!

బ్రష్_పట్టిన_చెయ్యి:
అమ్మమ్మ కాలంలో కెమెరా ముఖానికి జానెడు దూరంలో పెట్టి రెండు లైట్లు వేసేవాళ్లు కాదమ్మా. అలా పిన్నులూ అత్తలూ ఇప్పుడు ఎవరింట్లో ఉన్నారు? అందరూ ముందు తమ చీరకి పిన్ను పెట్టమని మా దగ్గరికే వస్తారు.

కెమెరా_బావ:
ఫొటోలు తీసేవాణ్ని కాబట్టి ఒక్క ముక్క. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే గుణం) ఎక్కువున్న ఫౌండేషన్, ఆ తెల్లటి హెచ్‌డీ పౌడర్ ఫ్లాష్ పడితే పిండి చల్లినట్టు కనబడతాయి. అద్దంలో తెలియదు. మొత్తం వేసుకుని, చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోండి. ముఖం తెల్లగా, మెడ మామూలుగా ఉందంటే ఆ డబ్బా పక్కన పెట్టెయ్యండి. షేడ్ మాల్ లైట్లలో ఎంచుకోవద్దు. దవడ దగ్గర రాసుకుని బయట ఎండలోకి వచ్చి చూడండి.

పెళ్లయి_రెండేళ్లు:
నేను వద్దంటాను. కారణం వేరు. ముఖం నాకు బాగానే వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు కూడా.

మా ముహూర్తం పగలే, పదిన్నరకి. పొద్దున ఆరింటి నుంచి అద్దం ముందు కూర్చున్నా. మధ్యలో "అగరొత్తుల కట్ట ఎక్కడ పెట్టావే", "ఉంగరం డబ్బా నీ బ్యాగులో ఉందా", "మీ పెదనాన్నకి కాఫీ అందిందా". మేకప్ మనిషి ఉంటే ఆమెని చూసి గదిలోకి ఎవరూ రారు. మనమే వేసుకుంటుంటే మనం ఖాళీగా ఉన్నామనుకుంటారు. కృత్రిమ రెప్పలు అతికించాలంటే జిగురు రాసి అర నిమిషం ఆగాలి. అది కాస్త ఆరాకే పట్టుకుంటుంది. కుడికంటికి అతికింది. ఎడమదానికి జిగురు రాసేసరికి మా మేనమామ గంప పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనక పంతులుగారు "పెళ్లికూతుర్ని తీసుకురండమ్మా" అని మైకులో పిలుస్తున్నారు. కంగారులో జిగురు ఆరకుండానే అతికించాను. గంపలో కూర్చున్నాక అది మూల నుంచి లేచింది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఎడమకన్ను ఆర్పకుండా ఎలా ఉండాలా అన్నదే నా ధ్యాస. తెర తీసినప్పుడు ఆయన ఎలా చూశారని అందరూ అడుగుతారు. నాకు తెలియదు. నేను రెప్ప గురించి ఆలోచిస్తున్నా.

హొరమావు_వదిన:
అయ్యో! రెప్పలే పెట్టుకోకుండా ఉండాల్సింది తల్లీ. వాటర్‌ప్రూఫ్ మస్కారా చాలు. హోమం పొగకి ఎలాగూ కళ్లు నీళ్లు కారతాయి. అప్పుడు తుడవకూడదు, టిష్యూ మడిచి కంటి కింద అద్దాలంతే.

బనశంకరి_బేరం:
మీరంతా ముఖం గురించే కొట్టుకుంటున్నారు. పెళ్లిలో పట్టిచ్చేవి జడా చీరా. మా చెల్లి పెళ్లికి మేము చేసింది ఇదీ: ముఖం తనే వేసుకుంది, జడకీ చీరలకీ మాత్రం మనిషిని పెట్టాం. రెండు పూటలకీ కలిపి 9,000 అయింది. పట్టుచీర కుచ్చిళ్లు నాలుగు రోజుల ముందే మడతలు పెట్టించి ఇస్త్రీ చేయించాం. నగలు చిక్‌పేటలో సెట్టు అద్దెకి తెచ్చాం. పూలజడ ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆ రోజు పొద్దున్నే కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లి మల్లెలు తెచ్చి మనమే కుడదాం అంటే అయ్యే పని కాదు, మేము అనుభవించాం.

సామానులో డబ్బంతా ఫౌండేషన్ మీద పెట్టు. ఐషాడో ఏ కంపెనీదైనా ఎవరికీ తెలియదు. కొత్తది ఏది కొన్నా రెండు రోజుల ముందైనా చెవి వెనక రాసి చూసుకో. గోరింటాకు విషయంలో జాగ్రత్త: గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే పీపీడీ చాలాసార్లు కలుపుతారు, చేతులు బొబ్బలెక్కొచ్చు.

బ్రష్_పట్టిన_చెయ్యి:
ఇది ఒప్పుకుంటాను. జడకీ చీరకీ మాత్రమే పిలిచేవాళ్లు నాకూ ఉన్నారు. కాకపోతే ఆ మనిషిని ఒంటిగంటకే రమ్మను, మూడింటికి కాదు. గదికి కాపలా కూడా కాస్తుంది. ముందు జుట్టు ఎత్తి పెట్టే పఫ్ మరీ గట్టిగా వద్దను, జీలకర్ర బెల్లం పెట్టే చోటు వదలమను. స్ప్రే కొట్టిన జుట్టులో అది ఇరుక్కుంటే మూడు తలస్నానాలు.

మారతహళ్లి_పిల్ల:
అందరికీ థాంక్స్. రెప్పలు కొనే లిస్టులోంచి కొట్టేశాను, పెళ్లయి రెండేళ్లు అక్కా, మీ గంప కథ అమ్మకి చదివి వినిపించాను, రెండు రోజుల తర్వాత నవ్వింది. జడకీ చీరకీ మనిషిని పెడదామంటే సరేనంది. "అయితే మేకప్ మనిషి వచ్చిందనే చెప్పుకోవచ్చు" అంది. ముఖం మాత్రం నాదే. ఈ శనివారం రాత్రి పదకొండున్నరకి పడుకుని ఒంటిగంటకి అలారం పెడుతున్నా. పసుపు రాసుకుని, స్నానం చేసి, అప్పుడు వేసుకుని చూస్తా. అమ్మ కూడా లేస్తానంది, తప్పులు పట్టడానికి.

కెమెరా_బావ:
ఫొటో పెట్టు. ఫ్లాష్ వేసి.