అప్‌డేట్: గోడ పక్కన నిలిచే వాన నీటి సంగతి

వాన పడిన ప్రతిసారీ ఇంటి గోడ పక్కన రెండు మూడు రోజులు నీళ్లు నిలిచిపోతున్నాయని, పెరడంతా కాంక్రీటు వేయించేయాలా అని అప్పట్లో అడిగాను. వేయించలేదు. ఆపిన వాళ్లందరికీ థ్యాంక్స్.

ముందు మీరు చెప్పిన గుంత పరీక్ష చేశాను. అడుగు లోతు తవ్వి, నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపి కొలిస్తే గంటకు అర అంగుళం కూడా దిగలేదు. బంకమట్టిదే తప్పనుకున్నాను గానీ, ఇల్లు కట్టినప్పుడు బండ్లు తిరిగి నేల బిగిసిపోయిందట. గడ్డపారతో వదులు చేసి కంపోస్ట్ కలిపాక తేడా కనిపించింది. (ఇసుక కలపబోయాను. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక వేస్తే ఇంకా గట్టిపడుతుందని ఒకరు చెప్పి బతికించారు.)

లెక్క కూడా వేశాను. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. మా కప్పు 80 చదరపు మీటర్లు, అంటే 25 మి.మీ. వానకి 2,000 లీటర్లు! అదంతా ఒకే పైపులోంచి గోడ మొదట్లో పడుతోంది. నిలవక ఏం చేస్తుంది?

ఆ పైపును గోడకు 3 మీటర్ల అవతల, లోతు తక్కువ గుంటలోకి తిప్పాను. నీళ్లు పడే చోట రాళ్లు, పొంగితే బయటికి పోయే దారి, లోపల తడినీ ఎండనూ తట్టుకునే మొక్కలు. మొన్నటి పెద్ద వాన మర్నాడు సాయంత్రానికల్లా ఇంకిపోయింది కాబట్టి దోమల టెన్షన్ లేదు. గేటు పక్క మూల మాత్రం ఇంకా బురదే. అక్కడ వాలు తప్పు, ఎండాకాలంలో చూడాలి.