పాత మార్కెట్ భవనం కూల్చివేత, భూ వినియోగ మార్పిడి, కొత్త గ్రంథాలయం: అన్నీ ఒకే తీర్మానంలో ఉంటే అభ్యంతరం ఎలా రాయాలి?

ప్రశ్న

నగర పాలక సంస్థ సొంత స్థలంలో ఉన్న, వందేళ్లు దాటిన మార్కెట్ భవనాన్ని కూల్చి అక్కడ గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, వాటిపైన అద్దెకిచ్చే వాణిజ్య అంతస్తులు కట్టాలన్న ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు వచ్చింది. భవనాన్ని వారసత్వ జాబితా నుంచి తొలగించడం, స్థలాన్ని వాణిజ్య వినియోగానికి మార్చడం, టెండర్లు పిలవడం అన్నీ ఒకే తీర్మానంలో ఉన్నాయి. గ్రంథాలయమూ ఆరోగ్య కేంద్రమూ మాకు నిజంగా అవసరం కాబట్టి, కూల్చివేత వద్దన్న వారందరినీ సౌకర్యాలకు అడ్డుపడేవారిగా చూస్తున్నారు. భవనమో సౌకర్యాలో ఏదో ఒకటి వదులుకోక తప్పదా? అభ్యంతరంలో దేనిని ముఖ్యంగా రాయాలి?

మొదటి సమాధానం

వదులుకోవలసిన అవసరం ఉందో లేదో తేలకముందే మిమ్మల్ని ఎంచుకోమంటున్నారు. మీ అభ్యంతరం అక్కడే మొదలు కావాలి. భవనం ఉండాలా వద్దా, స్థలాన్ని దేనికి వాడాలి, సౌకర్యాలు ఎక్కడ రావాలి అన్నవి మూడు వేర్వేరు నిర్ణయాలు. వాటిని ఒకే తీర్మానంగా కట్టగడితే, గ్రంథాలయం కావాలనుకునే సభ్యుడు కూల్చివేతకు కూడా చెయ్యెత్తక తప్పదు. మూడింటినీ విడదీసి చర్చకు పెట్టాలని రాతపూర్వకంగా కోరండి.

పారిస్‌లో లే హాల్ మార్కెట్‌ను 1969లో నగర శివారులోని రంజిస్‌కు తరలించారు, 1971లో అక్కడి ఇనుప మంటపాలను కూల్చడం మొదలుపెట్టారు. వేరే ఊరికి తరలించిన ఒక మంటపం మాత్రం మిగిలింది. అదే నగరంలో 1900లో కట్టిన ఓర్సే రైల్వే స్టేషన్‌కూ కూల్చివేత ముప్పు వచ్చింది గానీ, 1973లో రక్షణ జాబితాలో చేరి, 1986లో మ్యూజియంగా తెరుచుకుంది. నా దృష్టిలో ఓర్సే నిలబడడానికి జాబితా ఎంత కారణమో, ఆ పొడవైన హాలుకు తగిన పని దొరకడమూ అంతే కారణం. మార్కెట్ హాలుకు ఉండే ఎత్తైన కప్పు, పైనుంచి పడే వెలుతురు, స్తంభాల మధ్య ఎడం చదువుకునే హాలుకు బాగా పనికొస్తాయి. ఆరోగ్య కేంద్రానికి చిన్న గదులు, నీటి గొట్టాలు, రోగులకు చాటు కావాలి కనుక దాన్ని పాత గోడల మధ్య ఇరికించడం కంటే పక్కన ఖాళీ జాగా ఉంటే అక్కడ కొత్తగా కట్టడమే మేలు.

రెండవ సమాధానం

భవనం శిథిలావస్థకు చేరిందన్న నివేదిక ఫైలులో ఉంటే, దాని పూర్తి ప్రతిని అడిగి తీసుకోండి. నివేదిక ముగింపు కంటే, పరీక్ష ఎలా చేశారన్నదే ముఖ్యం. కాంక్రీటు గట్టిదనాన్ని చూసే సుత్తి పరీక్షను సున్నపు గారతో కట్టిన ఇటుక గోడపై చేసి, వచ్చిన అంకెను బట్టి గోడ బలహీనమని రాస్తే అది నమ్మదగిన ఆధారం కాదు. పాత గోడలకు తర్వాతి రోజుల్లో సిమెంటు పూత వేసి ఉంటే లోపలి తేమ బయటికి పోలేక గోడ చెమ్మగిల్లుతుంది. వాననీటి గొట్టాలు పూడుకుపోయినా అంతే. ఇవి మరమ్మతుతో పోయే లోపాలు. పునాది కుంగిందా, కప్పు దూలాలు తుప్పుపట్టి సన్నబడ్డాయా అన్నవి చూడకుండా కూల్చివేతకు సిఫారసు చేసి ఉంటే, సంరక్షణలో అనుభవమున్న ఇంజినీరుతో మళ్లీ పరీక్ష చేయించమని కోరండి.

మూడవ సమాధానం

పై ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. వాణిజ్య అంతస్తులు ఆ ప్రతిపాదనలో ఉన్నది ఖర్చు రాబట్టుకోవడానికే, దానికి బదులు చూపకపోతే మీ అభ్యంతరం కౌన్సిల్‌లో నిలవదు. న్యూయార్క్‌లో 1963లో పెన్సిల్వేనియా స్టేషన్ కూల్చివేత మొదలయ్యాక, 1965లో వారసత్వ రక్షణ చట్టం వచ్చింది. తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద కట్టదలచిన ఆకాశహర్మ్యానికి అనుమతి నిరాకరించినప్పుడు యజమానులు కోర్టుకు వెళ్లారు. 1978లో అమెరికా సుప్రీం కోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది. అక్కడ వాడుకోని నిర్మాణ హక్కును, అంటే ఆ స్థలం మీద కట్టడానికి నిబంధనలు ఒప్పుకున్నా కట్టకుండా మిగిలిన అంతస్తులను, సమీపంలోని వేరే స్థలాలకు బదలాయించే వీలుండడం యజమానుల భారాన్ని తగ్గించే అంశమని కోర్టు భావించింది. మీ నగర నిబంధనల్లో అలాంటి బదలాయింపు ఉంటే, ఈ స్థలం మీద రావలసిన అంతస్తుల హక్కును మరోచోటికి ఇచ్చి, వచ్చిన సొమ్మును మరమ్మతుకే కేటాయించమని అడగవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. తీర్మానాన్ని విడదీస్తే సౌకర్యాలు ఏళ్ల తరబడి ఆలస్యమవుతాయని వాదిస్తున్నారు. మార్కెట్ వెనుక సరుకు దించే ఖాళీ స్థలం పాలక సంస్థదే.

మొదటి సమాధానం ఇచ్చినవారు

అయితే ఆ స్థలానికి ప్రస్తుతమున్న వినియోగంలోనే ఆరోగ్య కేంద్రానికి అనుమతి ఉందో లేదో మాస్టర్ ప్లాన్‌లో చూడండి. ఉంటే దానికి కూల్చివేతా అక్కర్లేదు, భూ వినియోగ మార్పిడీ అక్కర్లేదు. ఆ ఒక్క అంశాన్ని వచ్చే సమావేశంలోనే ఆమోదించమని మీ అభ్యంతర పత్రం మొదటి పేరాలోనే రాయండి.