జెడ్ అక్షరం, జున్నులో జ

నిన్న ఒకరు అడిగారు కదా, వైజాగ్ అని ఇంగ్లిషులో రాసేటప్పుడు జె వదిలేసి జెడ్ ఎందుకు పెడతారని. నేనూ ఈ ఊరివాడినే, తెలిసినంత చెప్తాను.

తెల్లవాళ్ళ కాగితాల్లో ఊరి పేరు విజగపటాం. మన శ ఉన్నచోట వాళ్ళు జెడ్ రాసుకున్నారు, దాన్ని కురచ చేస్తే వైజాగ్ అయింది. మన ఎయిర్‌పోర్టు కోడ్ వీటీజెడ్‌లో కూడా చివర అదే అక్షరం.

పాతకాలంలో మధ్యధరా సముద్రతీరాన ఉండే ఫినీషియన్ల దగ్గర జెడ్ ఏడో అక్షరం, పేరు జయిన్. గ్రీకులు తీసుకుని జీటా అన్నారు. లాటిన్‌లోనూ మొదట్లో చోటు ఏడోదే, కానీ ఆ ధ్వనితో వాళ్ళకి పని లేకపోయేసరికి క్రీ.పూ. 3వ శతాబ్దంలో దాన్ని తీసేశారు, ఖాళీ అయిన చోట కొత్తగా చేసుకున్న జి అక్షరాన్ని పెట్టారు. ఏబీసీడీలు లెక్కపెట్టి చూడండి, ఇప్పటికీ ఏడోది జి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో గ్రీకు మాటలు రాయాల్సొచ్చి మళ్ళీ తెచ్చుకున్నారు, అప్పటికి చోటు పోయింది కాబట్టి వై తర్వాత చిట్టచివర పడింది. జెడ్ అన్న పేరు కూడా జీటా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందే.

ఇక పలకడం. మొన్న మా పాప జీబ్రాని జీడిపప్పులో జీ లాగే చదివింది. జున్ను అనమన్నాను. నాలుక పై పళ్ళ వెనక తగిలి విడిచింది. ఈసారి తగలనివ్వకుండా అక్కడే గాలి వదలమ్మా అంటే తుమ్మెద మోతలాగా చక్కగా వచ్చేసింది! జాలి, జొన్న, రాజు, వీటిలో ఉన్నది దంత్య జకారం. జాతి, జనం, రాజా, వీటిలో తాలవ్యం, అంటే నాలుక అంగిటికి తగిలేది. జెడ్‌కి దగ్గర చుట్టం మొదటిది. పాత నిఘంటువుల్లో పైన చిన్న గుర్తు పెట్టి ౙ అని వేరుగా అచ్చువేసేవారు, 2008లో యూనికోడ్‌లో కూడా చేరింది, బడి పుస్తకాల్లో మాత్రం పిల్లలకి పెద్దగా కనబడదు. నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఒక్క పేజీ పెడితే చాలు కదండీ.

ఇంకొకరి ప్రశ్న: మరి జెడ్పీ హైస్కూల్ సంగతేంటండీ? జిల్లాకి జెడ్ ఎందుకు?

మంచి మాట అడిగారు. జిల్లా అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఉర్దూలో దాన్ని పలికేది జెడ్ ధ్వనితోనే, ఇంగ్లిషువాళ్ళు అదే రాసుకున్నారు. మనకి వచ్చేసరికి పక్కన ఇకారం ఉంది కాబట్టి నోరు దానంతటదే తాలవ్యానికి తిరిగింది. బజారు, రోజు కూడా పారసీ మాటలే, మూలంలో జెడ్ ధ్వనే. రోజు అనేటప్పుడు మనలో చాలామంది నాలుక తగిలించకుండానే పలుకుతారు, గమనించండి.

ఇంతకీ వైజాగ్‌లో జా మీ ఇంట్లో జాలిలోలా అంటారా, జాతిలోలా అంటారా? మా అమ్మ ఒకలా అంటుంది, నేను ఇంకోలా అంటాను. మీ ఊరి పేరుతో సహా రాయండి.