నాన్న పోయాక ఇంటి కాగితాల్లో పేరు మార్చడం ఎలా?

ప్రశ్న:
ఇల్లు అమ్మానాన్నల ఇద్దరి పేర్ల మీద ఉంది. నాన్న పోయి నాలుగు నెలలైంది. పన్ను నోటీసు ఇంకా ఆయన పేరుతోనే వస్తోంది. ఒకరు పోతే ఇల్లంతా రెండోవాళ్లదే అంటారు బాబాయి. కాదు, పిల్లలందరి సంతకాలు కావాలంటారు మామయ్య. మేం ముగ్గురం, మాలో గొడవల్లేవు. తమ్ముడు మాత్రం వేరే దేశంలో ఉన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు దస్తావేజు తీయండి. పేర్ల తర్వాత ఏం రాశారన్నదే ముఖ్యం. ఒకరి తర్వాత బతికున్నవారికే మొత్తం చెందుతుందని (సర్వైవర్‌షిప్ అంటారు) ఉండి, అక్కడి చట్టం దాన్ని ఒప్పుకుంటే, సాధారణంగా వీలునామాతో పని లేదు. ఎవరి వాటా వారిదని ఉంటే నాన్నగారి వాటా వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం వెళ్తుంది. ఏదీ రాయకపోతే ఇల్లు ఉన్నచోటి చట్టమే తేలుస్తుంది. మీ బాబాయి, మామయ్య చెరో రకం దస్తావేజు గురించి చెబుతున్నట్టున్నారు!

జవాబు 2:
మా అమ్మ కోసం ఈ పనంతా నేనే తిరిగి చేశాను. మాకు అడ్డుపడింది ఇంటిపేరు. దస్తావేజులో పొడి అక్షరం, మరణ ధృవీకరణ పత్రంలో పూర్తిగా. కౌంటర్లో ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈయనా ఆయనా ఒకరేనని రుజువేంటి?" అంది. అఫిడవిట్, నాన్న పాత గుర్తింపు కార్డు ఇచ్చాక గానీ తీసుకోలేదు. మరణ పత్రం సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. ఎవరికిచ్చినా తిరిగి రావు.

ఇంకోటి. పన్ను రికార్డులో పేరు మారగానే అయిపోయిందనుకున్నాం. అది పన్ను ఎవరు కట్టాలో చెప్పే కాగితమే, హక్కు రికార్డు వేరు. ఇల్లు అమ్మబోయినప్పుడు తెలిసి, మళ్లీ మొదటికొచ్చాం.

ప్రశ్న అడిగినవారు:
దస్తావేజు చూశాం. "చెరి సగం" అని ఉంది.

జవాబు 1:
అయితే వీలునామా ఉందేమో వెతకండి. లేకపోతే వారసుల లెక్క తేలాలి, తమ్ముడి సంతకం అవసరం పడొచ్చు. అతను ఉన్నచోటే నోటరీ ముందో, రాయబార కార్యాలయంలోనో పెట్టవచ్చేమో, ఏ నమూనాలో కావాలో రికార్డుల ఆఫీసులో ముందే అడగండి. ఈలోగా ఇంటి లోన్, ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లకు చెప్పేయండి, అవి ఆగవు.

ప్రశ్న అడిగినవారు:
వీలునామా సంగతి అమ్మనడిగాను. బీరువా పైఅరలో నాన్న అంటించిన కవరొకటి ఉందట, తను తెరవలేదట. ఆదివారం తమ్ముణ్ణి వీడియో కాల్‌లో పెట్టి తెరుస్తాం.